ఎన్‌ఐసీయూలో వివక్ష గురించి తోటి సిబ్బందితో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: వార్మర్_పక్కన, స్టాఫ్ నర్సు, బెంగళూరు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్ళుగా బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నవజాత శిశువుల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) పనిచేస్తున్నాను. కొత్తగా చేరే సిస్టర్లకు పని నేర్పే బాధ్యత ఇప్పుడు నాకు అప్పగించారు కాబట్టి ఈ విషయంలో మీ సలహా నాకు నిజంగా అవసరం.

మా యూనిట్‌లో డాక్టర్లు, నర్సులు నెలకొకసారి కూర్చొని ఏదైనా ఒక పరిశోధన వ్యాసం చదివి చర్చించుకుంటాం. ఈసారి నేను ఎంచుకున్నది, అమెరికా ఎన్‌ఐసీయూల్లో అసమానత గురించి అక్కడి సిబ్బంది, కుటుంబాలు స్వయంగా చెప్పిన సంగతులతో 2018లో వెలువడిన వ్యాసం. తల్లిదండ్రులను పట్టించుకోకపోవడం, వాళ్ళు ఎలాంటివాళ్ళో ముందే తేల్చేసుకొని అదే చూపుతో మాట్లాడటం, ఆసుపత్రి ఏర్పాట్లే కొన్ని కుటుంబాలకు అడ్డుగోడలు కావడం అని వాటిని మూడు రకాలుగా విడదీసి చూపారు. చదువుతున్నంతసేపూ నాకు మా వార్డే కళ్ళ ముందు కదిలింది.

చర్చ మాత్రం పది నిమిషాల్లో ముగిసిపోయింది. అక్కడి నల్లవాళ్ళు, తెల్లవాళ్ళ గొడవ మనకెందుకని ఒకరన్నారు. వెంటిలేటర్ పెట్టేటప్పుడు అది ఎవరి బిడ్డ అని మనలో ఎవరైనా చూశామా అని ఇంకొకరు అడిగారు. చూడలేదు, నిజమే. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో మా వాళ్ళు ఏ బిడ్డకూ తక్కువ చేయరు, ఆ విషయంలో నాకు మా యూనిట్ అంటే గౌరవం. కానీ నెలలు నిండని బిడ్డ మా దగ్గర ఉండేది వారాలు, ఒక్కోసారి నెలలు. అందులో అలాంటి క్షణాలు కొన్నే, మిగతా కాలమంతా తల్లిపాలు, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచే కంగారూ కేర్, తల్లికి చెప్పే నాలుగు మాటలు. తేడా అక్కడే కనిపిస్తోంది.

ఒక ఉదాహరణ చెబుతాను. డ్యూటీ మారేటప్పుడు ఒక బిడ్డ గురించి "నాలుగో బెడ్డు, 29 వారాలు, సీపాప్ మీద రెండో రోజు" అని చెబుతారు (సీపాప్ అంటే ఊపిరి తీసుకోవడానికి సాయపడే యంత్రం). పక్క బెడ్డులో ఉన్న బిడ్డ మాత్రం "ఆ ఆఫ్రికన్ బేబీ". బెడ్డు నంబరు ఉంది, చేతికి తల్లి పేరుతో ట్యాగు ఉంది, అయినా మూడు షిఫ్టుల పాటు ఆ బిడ్డ అలాగే చేతులు మారుతుంది. ఐటీ కంపెనీలో పనిచేసే దంపతులు వచ్చిన రోజే వాలుకుర్చీ తెచ్చి, తెర కట్టి, బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెడతాం. కట్టడం పనికి రాయచూరు నుంచో కదిరి నుంచో వచ్చిన తల్లి, పిండిన పాలు చిన్న స్టీలు గిన్నెలో పట్టుకొని తలుపు దగ్గర నిలబడితే, సెక్యూరిటీ అతను నాలుగు గంటలకు రమ్మని పంపేస్తాడు. ఆ పూట బిడ్డ ఉగ్గుగిన్నెలో పోసేది డబ్బా పాలే.

దీన్ని ఎత్తి చూపితే తమను చెడ్డవాళ్ళన్నట్టు తోటివాళ్ళు బాధపడుతున్నారు. ఎవరినీ నొప్పించకుండా ఈ మాట ఎలా మొదలుపెట్టాలి? దేన్ని నమోదు చేస్తే తేడా అందరికీ కనిపిస్తుంది? ఎన్‌ఐసీయూలో పనిచేసినవారు, బిడ్డను అక్కడ ఉంచిన తల్లిదండ్రులు దయచేసి రాయండి.

జవాబు: నవజాత_వైద్యుడు, జయనగర్

సిస్టర్, మీరు ఈ చర్చ పెట్టడం మంచిదైంది. నా అభిప్రాయం కొంత వేరు కాబట్టి దాన్ని దాచకుండా రాస్తున్నాను.

ఈ రంగంలో వచ్చే పరిశోధనలను జాగ్రత్తగా వడకట్టి చదవాలి. నల్లజాతి శిశువులను నల్లజాతి వైద్యులు చూసుకున్నప్పుడు మరణాల్లో తేడా బాగా తగ్గుతుందని, ఫ్లోరిడా రాష్ట్రపు జనన రికార్డుల ఆధారంగా 2020లో ఒక అధ్యయనం చెప్పింది. దాన్ని ఉదాహరించనివారు లేరు. 2024లో ఇద్దరు పరిశోధకులు మళ్ళీ లెక్క వేసి, 1500 గ్రాముల కన్నా తక్కువ బరువుతో పుట్టడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు మాయమవుతుందని చూపించారు. అత్యంత తక్కువ బరువున్న నల్లజాతి శిశువులు తెల్లజాతి వైద్యుల చేతికి ఎక్కువగా రావడం వల్ల మొదటి లెక్క అలా తేలింది. దీని అర్థం అక్కడ అసమానత లేదని కాదు. 2022లో అమెరికాలో పుట్టిన ప్రతి 1000 మందిలో ఏడాది నిండకుండానే చనిపోయినవారు నల్లజాతిలో దాదాపు 10.9 మంది, తెల్లజాతిలో దాదాపు 4.5 మంది. అంత పెద్ద అంతరానికి కారణాన్ని ఒక్క డాక్టరు మనసులోనే వెతకకూడదన్నది నా మాట.

మన ఊళ్ళో నాకు కనిపించే ప్రధాన కారణం నర్సుల కొరత. ముగ్గురు చేయాల్సిన పని రాత్రంతా ఒక్కరే చేస్తున్నప్పుడు, గట్టిగా అడిగిన తల్లికి జవాబు దొరుకుతుంది, అడగని తల్లి మిగిలిపోతుంది. దానికి వివక్ష అని పేరు పెడితే, కాళ్ళు వాచేలా నిలబడి పనిచేసిన పిల్ల మనసు విరిగిపోతుంది.

అయితే మీ సహోద్యోగి వెంటిలేటర్ గురించి అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే మన పరికరాలు, మన పరీక్షలు కూడా చర్మం రంగును బట్టి తప్పుతాయి. పల్స్ ఆక్సీమీటర్ వెలుతురును చర్మం గుండా పంపి ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గినా ఈ పరికరం బాగానే ఉందని చూపించడం తెల్లజాతి రోగుల కన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగిందని, పెద్దవాళ్ళ మీద చేసిన ఒక అమెరికన్ అధ్యయనం 2020లో బయటపెట్టింది. ఆ తరువాత నెలలు నిండని శిశువుల్లోనూ ఈ విషయాన్ని పరిశీలించారు. పుట్టిన వెంటనే బిడ్డ స్థితిని అంచనా వేయడానికి 1952లో వర్జీనియా ఆప్గార్ రూపొందించిన స్కోరులో ఒక అంశం ఒంటి రంగే. ఒళ్ళంతా గులాబీ రంగులో ఉంటే రెండు మార్కులన్నది నల్లని ఒంటికి ఎలా వర్తిస్తుంది? చిగుళ్ళు, నాలుక, అరిచేతులు, అరికాళ్ళు చూడాలని మన కొత్త సిబ్బందికి నేర్పుతున్నామా? ఇంగ్లండ్‌లో ఈ మూడింటినీ, అంటే ఆప్గార్ స్కోరు, ఒళ్ళు నీలం తిరగడం, కామెర్లు కనిపెట్టడం అన్నవాటిని, నల్లని ఒంటి శిశువుల విషయంలో పరిశీలించి 2023లో ఒక నివేదిక ఇచ్చారు.

కామెర్లు మనకు రోజూ ఎదురయ్యేవి. వేలితో చర్మాన్ని నొక్కి పసుపు ఎంతవరకు దిగిందో చూసే పద్ధతి, ఛామనఛాయ దాటిన బిడ్డల్లో నమ్మదగినది కాదు. అనుమానం వస్తే రక్తపరీక్ష చేయించాలి. నల్లజాతి శిశువులకు కామెర్ల ప్రమాదం తక్కువని చాలా కాలం నేర్పారు. 2022లో అమెరికా శిశువైద్యుల అకాడమీ తన మార్గదర్శకాల్లో జాతిని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయడం మానేసింది. అందువల్ల మీరు చర్చను ఇక్కడ నుంచి మొదలుపెట్టండి. ఇది వైద్య విషయం కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

జవాబు: సీనియర్_సిస్టర్, ప్రభుత్వ ఆసుపత్రి, బెంగళూరు

డాక్టరు గారూ, మీరు కామెర్ల గురించి రాసింది మా వార్డు గోడకు అతికించాల్సిన సంగతి. కానీ "అడగని తల్లి మిగిలిపోతుంది" అన్న దగ్గర మీరు ఆగిపోయారు. ఆ అడగని తల్లి ఎవరు? ప్రతిసారీ ఒకే రకమైన తల్లే ఎందుకు మిగిలిపోతోంది? వార్డులో నడిచే భాష రాని మనిషి, వంగి మాట్లాడటం చిన్నప్పటి నుంచి అలవాటైన మనిషి, ఇదివరకు ఎక్కడో అడిగి చీవాట్లు తిన్న మనిషి. కొరత నిజమే, ముప్పై మంది బిడ్డల మధ్య పరుగెత్తిన రాత్రులు నాకూ ఉన్నాయి. ఆ కొరత ఎవరి మీద పడుతోందన్నదే ఈ చెల్లెలు అడుగుతున్నది.

కొరత కూడా అందరికీ సమానంగా ఉండదు. నల్లజాతి శిశువులు ఎక్కువగా చేరే అమెరికా ఆసుపత్రుల్లోనే నర్సుల కొరత ఎక్కువగా ఉందని, అక్కడ అత్యంత తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు సోకడం, తల్లిపాలు అందకుండానే ఇంటికి వెళ్ళడం కూడా ఎక్కువని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అక్కడ ఏ ఒక్క నర్సూ చెడ్డది కానక్కరలేదు. కొరతను ఏ గుమ్మం ముందు వదిలేయాలో పైవాళ్ళు నిర్ణయించారు, అంతే. మన నగరంలో ఏ ఆసుపత్రికి ఎవరి బిడ్డలు వెళ్తారో, ఎక్కడ ఒక నర్సుకు ఎంతమంది బిడ్డలో మీకూ తెలుసు.

చెల్లెమ్మా, నీకు ఒక సలహా. ఈ చర్చకు డాక్టర్లను, నర్సులను మాత్రమే పిలవవద్దు. తలుపు దగ్గర నిలబడే సెక్యూరిటీ అతను, గౌన్లు ఇచ్చే ఆయా, నేల తుడిచే అమ్మ కూడా రావాలి. ఎవరిని లోపలికి రానిస్తున్నామో, ఎవరిని చెప్పులు ఎక్కడ విడవాలో కూడా కసురుకుంటూ చెబుతున్నామో వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళలో చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నారు కాబట్టి పెద్ద డాక్టరు ఎదుట నోరు విప్పరు. పేరు రాయనక్కరలేని చీటీల మీద అడగండి, లేదా వాళ్ళలో చదవడం రానివాళ్ళతో నమ్మకస్తురాలైన ఒకరు విడిగా కూర్చొని మాట్లాడండి.

ఇంకొక సంగతి కూడా ఈ చర్చలో ఉండాలి. మా దగ్గర మణిపూర్ నుంచి వచ్చిన ఒక సిస్టర్ ఉంది, సన్నని నరం దొరకని బిడ్డకు అందరూ ఆమెనే పిలుస్తారు. తమ ఇంటి బిడ్డను ఆమె ముట్టుకోవద్దని ఒక తాతగారు అరిచినప్పుడు, ఇన్‌చార్జి గొడవ పెరగకూడదని ఆమెను వేరే బెడ్డుకు మార్చింది. 2012 ఆగస్టులో వదంతులకు భయపడి ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు వేల సంఖ్యలో రైళ్ళెక్కి వెళ్ళిపోయిన నగరం ఇది. 2016లో టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసింది కూడా ఇక్కడే. జాతి వివక్ష మన ఊళ్ళో లేదని ఎవరైనా అంటే ఈ రెండింటినీ గుర్తు చేయండి. ఆ తాతగారికి "మా సిస్టరే చూస్తారు, మీ బిడ్డకు ఇక్కడ ఆమెను మించినవాళ్ళు లేరు" అని ఇన్‌చార్జి చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క మాటతో మిగతా సిబ్బందికి యూనిట్ ఎవరి పక్షమో తెలిసేది.

జవాబు: పౌరకార్మికురాలి_కూతురు

నేను ఆసుపత్రి మనిషిని కాను. మా అమ్మ పౌరకార్మికురాలు, అంటే నగర పారిశుద్ధ్య కార్మికురాలు. తాతల కాలంలోనే మడకశిర వైపు నుంచి బెంగళూరు వచ్చిన తెలుగు కుటుంబం మాది. మా అక్కకు ఏడో నెలలోనే కాన్పు అయి, బిడ్డ ఒక ఆసుపత్రి ఎన్‌ఐసీయూలో చాలా రోజులు ఉంది. ఆసుపత్రి పేరు రాయను. బిడ్డ బతికింది, ఇప్పుడు బడికి వెళ్తోంది. వైద్యం చేసినవాళ్ళకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

మొదటి వారం మా అక్కకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సంతకం చేయమని కాగితం ఇచ్చేవారు, అది ఎందుకని అడిగితే "మీ వాళ్ళలో చదువుకున్నవాళ్ళు ఉంటే పంపు" అనేవారు. మా అక్క పదో తరగతి వరకు కన్నడ మీడియంలో చదివింది, చదవగలదు. కానీ మా అమ్మ యూనిఫాం చీరలోనే డ్యూటీ నుంచి నేరుగా వచ్చేది కాబట్టి, వీళ్ళకు అర్థం కాదని వాళ్ళే అనుకున్నారు. శనివారం నేను కాలేజీ నుంచి వెళ్ళి ఇంగ్లీషులో అడిగాను. అదే డాక్టరు గారు కేస్ షీట్ వెనక కాగితం మీద ఊపిరితిత్తుల బొమ్మ గీసి, గాలి గదులు ఎందుకు తెరుచుకోవడం లేదో, మందు లోపలికి ఎలా పంపారో చాలాసేపు ఓపికగా చెప్పారు. మా అక్క నా పక్కనే నిలబడి ఉంది. ఆయన చూపంతా నా మీదే. ఆయన మంచివారు, మా బిడ్డను కాపాడినవారు. అంత చక్కగా చెప్పగలిగిన మనిషి, కన్నతల్లి అక్కడే ఉండగా వారం రోజులు ఎందుకు చెప్పలేదన్నది మాత్రం మా అక్కను ఇప్పటికీ బాధపెడుతోంది.

నాకు గుర్తున్న ఇంకొకరు ఒక నర్సు. ఈశాన్యం వైపు ఆమె, కన్నడం సరిగా రాదు, తెలుగు అసలే రాదు. అక్క చేయి పట్టుకొని ఇంక్యుబేటర్ కిటికీలోంచి లోపలికి పెట్టించి, బిడ్డను నిమరకూడదు, అరచేయి కదలకుండా తల మీద ఆనించి ఉంచాలని సైగలతోనే నేర్పింది. పైన సీనియర్ సిస్టర్ గారు రాసింది చదివాక ఆమెకు కూడా ఎన్ని మాటలు పడ్డాయో అనిపిస్తోంది.

సిబ్బందిని మీరు ఏమి అడుగుతారో నాకు తెలియదు. తల్లులనూ అడగండి. బిడ్డ లోపల ఉండగా అడిగితే మాత్రం భయంతో అంతా బాగుందనే చెబుతారు. ఇంటికి వెళ్ళాక, బిడ్డను చూపించడానికి మళ్ళీ వచ్చినప్పుడు అడగండి.

జవాబు: పాల_కౌన్సెలర్, తల్లిపాలు, కంగారూ కేర్ విభాగం

పై జవాబు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ అక్కగారికి నా నమస్కారం చెప్పమ్మా.

వార్మర్_పక్కన గారూ, దేన్ని నమోదు చేయాలన్న మీ రెండో ప్రశ్నకు నా అనుభవం నుంచి చెబుతాను. సిబ్బంది మనసులో ఏముందని అడగవద్దు. తల్లి బిడ్డను మొదటిసారి ముట్టుకున్నది పుట్టిన ఎన్ని గంటలకో, కంగారూ కేర్ ఏ రోజు మొదలైందో, సొంత తల్లి పాలు మొదట ఏ రోజు అందాయో, డాక్టరు కుటుంబంలో ఎవరితో ఏ భాషలో మాట్లాడారో ప్రతి బిడ్డకూ రాయండి. పక్కనే ఇంటి భాష, ఊరు, ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది ఉండాలి. కులం మాత్రం వార్డులో ఎవరినీ అడగకూడదు. ఆ ప్రశ్నే తల్లిని గాయపరుస్తుంది, పైగా తేడా ఉంటే మిగతా వివరాల్లోనే చాలావరకు బయటపడుతుంది. కొన్ని నెలల తరువాత ఆ పుస్తకాన్ని యూనిట్ ముందు పెడితే ఎవరి మీదా నేరం మోపకుండానే మాట మొదలవుతుంది.

కాలిఫోర్నియాలో ఇలాంటి లెక్కే తీశారు. 134 ఎన్‌ఐసీయూల్లో 18,616 మంది అత్యంత తక్కువ బరువున్న శిశువుల రికార్డులతో 2017లో వెలువడిన ఆ అధ్యయనంలో, కొన్ని ఫలితాల్లో నల్లజాతి శిశువులే మెరుగ్గా ఉన్నారు. కానీ సంరక్షణలో చేయాల్సిన పనులు చేశారా లేదా అన్న కొలతల్లో తెల్లజాతి శిశువులు ముందున్నారు. ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్యే కాదు, ఒకే యూనిట్ లోపల కూడా తేడా కనిపించింది. వాళ్ళు కొలిచినవాటిలో ఇంటికి వెళ్ళేనాటికి తల్లిపాలు అందుతున్నాయా, కంటి పరీక్ష వేళకు జరిగిందా అన్నవి కూడా ఉన్నాయి.

కంటి పరీక్షను మీ పుస్తకంలో తప్పక చేర్చండి. మన దేశంలో 34 వారాలు నిండకుండా గానీ 2000 గ్రాముల కన్నా తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకు 30 రోజుల లోపల రెటీనా (కంటి లోపలి పొర) చూపించాలి. ఆ గడువు దాటితే చూపు పోవచ్చు, పోయాక తిరిగి రాదు. కర్ణాటక జిల్లాల్లోని శిశువుల కళ్ళను ఊళ్ళోనే ఫోటో తీసి చూసే కిడ్రాప్ పథకం 2008లో మొదలైంది ఈ నగరం నుంచే. అలాంటి చోట కూడా, డిశ్చార్జ్ కాగితం మీద ఇంగ్లీషులో రాసిన తేదీ ఆ తల్లికి ఎవరూ చదివి చెప్పకపోతే బిడ్డ పరీక్షకు రాదు. తరువాత మనమే "ఈ జనం ఫాలో అప్‌కు రారు" అని కేస్ షీట్‌లో రాస్తాం.

ఆఫ్రికన్ తల్లుల గురించి ఒక మాట. వాళ్ళు కంగారూ కేర్‌కు ఒప్పుకోరని మా విభాగంలో కొందరు అడగకుండానే అనేవారు. పుట్టిన వెంటనే కంగారూ కేర్ మొదలుపెడితే 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు శిశువుల్లో మరణాలు 25 శాతం తగ్గుతాయని 2021లో తేల్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన జరిగింది ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, భారత్‌లలో. ఈ రోజు బెంగళూరు బిడ్డలకు మనం ఇస్తున్న సంరక్షణకు ఆధారం ఇచ్చినవాళ్ళలో ఆ తల్లులు ఉన్నారు. మా దగ్గర హెన్నూరు నుంచి వచ్చిన ఒక నైజీరియా తల్లిని అడిగితే, ఆమె రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో మతం, కులం, జాతితో పాటు భాష, ప్రాంతం ఆధారంగా కూడా తేడా చూపకూడదని స్పష్టంగా ఉంది. యాజమాన్యం అనుమతి అడిగేటప్పుడు ఆ పత్రం ప్రతిని జతచేయండి, పని సులువవుతుంది.

వార్మర్_పక్కన

అందరికీ ధన్యవాదాలు. డాక్టరు గారి సలహా ప్రకారం మొదటి తరగతిని నల్లని ఒంటి బిడ్డల్లో కామెర్లు, ఆక్సిజన్ కనిపెట్టడంతో మొదలుపెడతాను. డ్యూటీ మారేటప్పుడు చెప్పే హ్యాండోవర్‌లో బెడ్డు నంబరు, తల్లి పేరు తప్ప మరో గుర్తు వాడకూడదని ఆ రోజే చెప్పాలని ఇన్‌చార్జి సిస్టర్‌తో మాట్లాడాను, ఆమె ఒప్పుకున్నారు. పాలు తెచ్చిన తల్లిని ఏ వేళలోనైనా లోపలికి పంపాలన్న ఉత్తర్వు రాతపూర్వకంగా ఇప్పించమని మా డాక్టరు గారిని అడిగాను. సెక్యూరిటీ వాళ్ళను తప్పుపట్టడం సరికాదు, వేళలు పెట్టింది మనమే.

నమోదు పుస్తకంలో ఇంటి భాష, ఊరు రాయడం గురించి మాత్రం యాజమాన్యం న్యాయ సలహా తీసుకుంటామంది. తల్లిదండ్రులకు కాగితం ఇచ్చి ఒప్పుకోలు తీసుకొని రాసుకుంటున్న యూనిట్ ఏదైనా మీకు తెలిస్తే, ఆ కాగితంలో ఏమని రాశారో దయచేసి ఇక్కడ పెట్టండి. కన్నడం, తెలుగు, తమిళం, హిందీ భాషల్లో సిద్ధం చేసే పని నేను చూసుకుంటాను.